అన్వయం చెప్పి పాడు

చాలాకాలానికి మళ్ళీ ఒక పెద్ద టపాతో మీ ముందుకు వస్తున్నాను. తీరిక ఉన్నవారు ఇప్పుడే చదవండి. లేనివారు దాచుకుని ఆదివారం మధ్యాహ్నం చదవండి.

మేముండేది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ శివార్లలో. గత శీతకాలంలో మా అమ్మాయి మ్యూజికల్ థియేటర్ గానంలో నాలుగవ గ్రేడు పరీక్ష రాసింది. 'రాసింది' అనడం అలవాటుకొద్దీ వచ్చిన మాటే. ఈ పరీక్షలో రాసేదేమీ ఉండదు. ఒక గదిలో బల్ల వెనుక పరీక్షాధికారి కూర్చుని ఉంటారు. వారి ఎదుట కాగితం చూడకుండా కొన్ని పాటలు పాడాలి. ఊరికే పాడితే చాలదు. ఆ పాట ఏ నాటకంలోదో, ఆ నాటకంలో ఏ పాత్ర పాడుతుందో, ఆ పాత్రగా మారి పాడాలి. తరువాత ఆ పాటలను గురించి అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పాలి.

మూడు వారాల తరువాత మార్కుల పత్రం వచ్చింది. ఉత్తీర్ణురాలైంది కాని, మెరిట్‌కు మూడు మార్కులు తగ్గాయి. శ్రుతి బాగుందన్నారు, లయ బాగుందన్నారు, ఉచ్చారణ స్పష్టంగా ఉందన్నారు. అడుగున మాత్రం ఒక మాట రాశారు. దాని సారాంశం ఇది: ఈ పాట ఎవరు పాడుతున్నారో, ఎవరితో పాడుతున్నారో నాకు తెలియలేదు.

పదమూడేళ్ళ పిల్ల ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పియానో స్టూలు మూత తెరిచి అందులో పడేసింది. "ఇక నేను పాడను నాన్నా," అన్నది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నిజం చెప్పాలంటే ఆ తప్పు నాది. ప్రతి పాటకూ ప్రసిద్ధ గాయనిది ఒక రికార్డింగు సంపాదించి, రోజూ అన్నం ముందర పదిసార్లు వినిపించి, ఎక్కడ ఊపిరి తీసిందో అక్కడే తీయమని, ఎక్కడ గొంతు వణికిందో అక్కడే వణికించమని సాధన చేయించింది నేనే. మా చిన్నతనంలో క్యాసెట్టు పెట్టుకుని పాట నేర్చుకున్న పద్ధతి అది. పైగా ఒక లెక్క కూడా ఉన్నది నాకు. ఇక్కడ 6, 7, 8 గ్రేడులు ఉత్తీర్ణులైతే విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో యూకాస్ పాయింట్లు కలుస్తాయి. ఏ ఏటికి ఏ గ్రేడు ముగించాలో ఒక పట్టిక రాసి వంటింటి గోడకు అంటించాను. ఆ పట్టికలో పాటల పేర్లు లేవు. అంకెలు మాత్రమే ఉన్నాయి.

అపరాధభావం మనిషిని రెండు పనుల్లో ఒకటి చేయిస్తుంది: ఒకటి వాదన, రెండు చదువు. నేను రెండవదానికి కూర్చున్నాను. ఈ పరీక్ష ఎక్కడ పుట్టింది, ఈ పాటలు ఎక్కడ పుట్టాయి, ఈ రెండూ ఒక గదిలో ఎప్పుడు కలిశాయి అని వెతుకుతూ పోయాను. ఆ వెతుకులాటలో దొరికినదే ఈ టపా.

ముందు పరీక్ష సంగతి.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండుకు పరీక్షల పిచ్చి పట్టింది. 1858లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు ఊరూరా బడిపిల్లలకు స్థానిక పరీక్షలు మొదలుపెట్టాయి. అదే కాలంలో మధ్యతరగతి ఇంటి ముందుగదిలోకి పియానో చేరింది. పియానో ఉన్నదంటే పరువున్న ఇల్లు అని అర్థం. పియానో వచ్చిన తరువాత దాన్ని నేర్పే మనిషి కావాలి. ఎవరైనా గుమ్మానికి బోర్డు తగిలించుకుని సంగీతోపాధ్యాయుడు కావచ్చు. వారిలో ఎవరు తెలిసినవారు, ఎవరు తెలియనివారు? తేల్చడానికి ఒక ముద్ర కావాలి.

ఆ ముద్ర వేయడానికి సంస్థలు పుట్టుకొచ్చాయి. బొనావియా హంట్ అనే ఆయన 1872లో చర్చి గానం మెరుగుపరచడానికి పెట్టిన సంఘం ట్రినిటీ కాలేజీగా మారి, 1877 నుంచి బయటి విద్యార్థులకు పరీక్షలు నిర్వహించసాగింది. 1887లో లండన్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ వచ్చింది. వీటి పక్కనే సొమ్ము పుచ్చుకుని పత్రాలు పంచే దుకాణాలు కూడా వెలిశాయి. ఈ గందరగోళంలో 1889లో, అప్పటిదాకా ఒకదానికొకటి పోటీగా ఉన్న రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్, రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ చేతులు కలిపాయి. అకాడమీ అధిపతి అలెగ్జాండర్ మెకెంజీ, కాలేజీ అధిపతి జార్జ్ గ్రోవ్ కలిసి అసోసియేటెడ్ బోర్డును స్థాపించారు. మరుసటి ఏడు, 1890లో తొలి పరీక్షలు జరిగాయి. ఇప్పుడు మనకు తెలిసిన ఎనిమిది గ్రేడుల మెట్లు 1933లో ఏర్పడ్డాయి.

ఈ ఏర్పాటును నేను తేలికగా కొట్టిపారేయలేను. లండన్‌లో ధనికుని కూతురైనా, ఉత్తరాన బట్టల మిల్లులో పనిచేసేవాని కొడుకైనా ఒకే కొలబద్ద కింద నిలబడ్డారు. ఎవరి సిఫారసూ అక్కరలేదు. మనలో ఎంతమందిమి ఇటువంటి ఒక కాగితం చేత పట్టుకునే ఊరు దాటి వచ్చాము! అయితే కొలబద్దకు ఒక స్వభావం ఉన్నది. అది తాను కొలవగలిగినదాన్నే అడుగుతుంది. స్వరస్థానాలు, చూసి పాడటం, విని గుర్తుపట్టడం, పియానో వంపులో చేతులు కట్టుకుని నిలబడి ఒక జర్మన్ గీతమో, ఒక జానపదమో పాడటం. వీటికి మార్కులు వేయవచ్చు. ఒక దొంగగానో, ఒక పూలమ్మే పిల్లగానో మారిపోవడానికి మార్కులు ఎట్లా వేస్తారు? కనుక ఆ రంగస్థలపు పాట చాలాకాలం గుమ్మం బయటే నిలబడింది.

ఇక ఆ బయట నిలబడ్డదాని సంగతి.

1728 జనవరిలో లండన్‌లోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలలో జాన్ గే రాసిన 'బెగ్గర్స్ ఆపెరా' ప్రదర్శించారు. అప్పటి పెద్దమనుషులు అర్థం కాని ఇటాలియన్ ఆపెరాలు చూసి తల ఊపేవారు. గే వారిని ఎగతాళి చేస్తూ దొంగలను, వేశ్యలను, జైలు అధికారులను రంగం మీదికి తెచ్చి, వారి నోట వీధుల్లో అందరికీ తెలిసిన వరుసల్లో కొత్త మాటలు పాడించాడు. ఆ తొలి సీజన్‌లోనే 62 రాత్రులు ఆడింది. ఆ కాలానికి అది అపూర్వం.

మరొక కారణం చట్టంలో ఉన్నది. రాజుగారి అనుమతిపత్రం పొందిన డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ వంటి నాటకశాలలకే లండన్‌లో మాటల నాటకం ఆడే హక్కు ఉండేది. మిగిలినవారు ఏం చేయాలి? మాటల మధ్య పాటలు దూర్చి, ఇది నాటకం కాదు, సంగీత ప్రదర్శన అని చెప్పుకుని బతికారు. 1843 చట్టంతో ఆ గుత్తాధికారం పోయింది. కాని పాట, మాట కలిసిన నాటకం రుచి జనానికి తగిలింది. చట్టానికి దొరకకుండా తప్పించుకోవడానికి పుట్టిన పద్ధతి ఒక కళారూపానికి ఎరువైంది.

ఈ రెండు దారులూ (పరీక్ష దారి, రంగస్థలపు దారి) ఒక మనిషిలో ఎదురుపడ్డాయి. ఆయన పేరు ఆర్థర్ సలివన్. 1842లో పుట్టాడు. తండ్రి శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో బ్యాండు మాస్టరు. కొడుకు రాజప్రార్థనా మందిరంలో బాలగాయకుడై, 1856లో పోటీలో నెగ్గి మెండెల్సన్ పేరిట పెట్టిన విద్యార్థివేతనాన్ని మొట్టమొదటివాడుగా అందుకున్నాడు. అకాడమీలో చదివి, ఆపైన లైప్‌జిగ్ వెళ్ళాడు. అంటే పరీక్షల వ్యవస్థ మెచ్చిన బిడ్డ. 1876లో నేషనల్ ట్రెయినింగ్ స్కూల్ ఫర్ మ్యూజిక్ తెరిచినప్పుడు తొలి ప్రధానాచార్యుడు ఆయనే. ఆ బడే కొన్నేళ్ళకు రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కు దారి ఇచ్చింది.

అదే మనిషి విలియమ్ గిల్బర్ట్‌తో కలిసి హాస్య సంగీత నాటకాలు కట్టాడు. ఊరంతా ఆ పాటలు ఈలవేసింది. 1883 మే నెలలో రాణి ప్రభుత్వం ముగ్గురు సంగీతజ్ఞులకు 'సర్' బిరుదు ఇచ్చింది: అకాడమీ అధిపతి మెక్‌ఫారెన్, కాలేజీ అధిపతి గ్రోవ్, మన సలివన్. వెంటనే విమర్శకులు ఆయనకు హితబోధ మొదలుపెట్టారు. సర్ ఆర్థర్ ఇక నవ్వుల పాటలు మానుకుని గంభీరమైన పనులు చేయాలని. ఆయన వారి మాట కొంత విన్నాడు, కొంత వినలేదు. రెండేళ్ళలో, 1885 మార్చి 14న, శావాయ్ నాటకశాలలో 'మికాడో' తెర లేచింది. అది 672 ప్రదర్శనలు ఆడింది.

అన్నట్టు 1885 అనగానే నాకు మరొక తెర కళ్ళముందు కదిలింది. అదే ఏడు కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచకవధ' ఆడింది. సురభి నాటక సమాజాల చరిత్ర ఆ రాత్రితో మొదలైంది. లండన్‌లో విద్యుద్దీపాల కింద మికాడో, సీమపల్లెలో సురభివారి కీచకుడు. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. రెండుచోట్లా పాట నాటకాన్ని మోసింది.

మా అమ్మాయి టీచరు గట్టి మనిషి. ఒక నెల ఊరుకుని, తరువాత పిల్లకు ఒక చిన్న ఉత్తరం పంపింది: పరీక్ష సంగతి తరువాత చూద్దాం, మూడు కథలు చెబుతాను రమ్మని. ఆ మూడు కథలే చివరికి అయిదవ గ్రేడు పాటలయ్యాయి. మొదటిది మికాడోలో యమ్-యమ్ పాడే పాట.

పెళ్ళికూతురు ముస్తాబై తన అందాన్ని సూర్యచంద్రులతో పోల్చుకునే పాట అది. మా అమ్మాయి మొదట దాన్ని రికార్డులో విన్నట్టే వయ్యారంగా పాడింది. టీచరు ఆపి అడిగింది: "ఈ పాటకు ముందు ఏం జరిగింది?" పిల్లకు తెలియదు. నాకూ తెలియదు. జరిగినదేమిటంటే, ఆ పిల్ల పెళ్ళాడబోయేవానికి నెల రోజులే ఆయుష్షు. ఆ తరువాత తల తీయిస్తారని ఒప్పందం. ఆ నీడ వెనుక ఉండగా, అద్దం ముందు కూర్చుని, ఏ మాత్రం గర్వం లేకుండా, సూర్యుడు ప్రకాశిస్తాడన్నంత సహజంగా నేను అందంగా ఉన్నానంటున్నది. గర్వంగా పాడితే జనం ఆమెను చూసి నవ్వుతారు, అమాయకంగా పాడితే ఆమెతో కలిసి నవ్వుతారు అన్నది టీచరు. ఒక్క ముక్కతో పాట రూపు మారిపోయింది.

మా అమ్మాయి మరొక ప్రశ్న కూడా వేసింది. ఇంగ్లీషువాళ్ళు ముఖానికి రంగు పూసుకుని జపాను వాళ్ళలాగా నటించడం తప్పు కాదా అని. గిల్బర్ట్ వెక్కిరించింది జపానును కాదు, జపాను ముసుగు వేసిన ఇంగ్లీషు అధికార గణాన్ని. అయినా ముసుగు ముసుగే; ఆ వేషధారణ మీద ఇప్పుడు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. పిల్ల ఆలోచించుకుని, విసనకర్ర లేకుండా, మామూలు దుస్తుల్లో పాడతానన్నది. మంచి నిర్ణయమనే అనుకున్నాను.

రెండవ కథకు అట్లాంటిక్ దాటాలి. ఈ నాటకాలు అమెరికాలో కొత్త రూపం తీసుకున్నాయి. 1943 మార్చి 31న న్యూయార్క్‌లో రోజర్స్, హామర్‌స్టీన్ జంట 'ఓక్లహోమా!' ప్రదర్శించారు. అప్పటి అలవాటు ప్రకారం తెర లేవగానే నాట్యకత్తెల వరుస కనపడాలి. ఇందులో తెర లేస్తే ఒక ముసలమ్మ ఒంటరిగా కూర్చుని వెన్న చిలుకుతుంటుంది. లోపలినుంచి ఏ వాద్యమూ లేకుండా ఒక కౌబాయ్ గొంతు వినిపిస్తుంది. ఇక్కడ పాట కథను ఆపి వినిపించే విరామం కాదు. మాట ఇక చాలక పాటగా మారే క్షణం.

అక్కడ గొంతు సంగతీ వేరుగా నడిచింది. స్టెనోగ్రాఫరుగా పనిచేసిన ఎథెల్ మెర్మన్ 1930లో 'గర్ల్ క్రేజీ' నాటకంతో ఒక్క రాత్రిలో తార అయింది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసదాకా మాట మాటా వినిపించే గొంతు ఆమెది. ఆ నాటకానికి సంగీతం కట్టిన జార్జ్ గెర్ష్విన్ తనను సంగీతం టీచరు దగ్గరికి మాత్రం ఎన్నడూ వెళ్ళవద్దన్నాడని ఆమె చెప్పుకునేది. టీచరుకు నెలనెలా ఫీజు కట్టే నావంటి తండ్రికి ఇది మింగుడుపడని కథ!

అయితే నన్ను నిలబెట్టేసిన కథ వేరొకటి. 1956లో 'మై ఫెయిర్ లేడీ' సాధన జరుగుతున్నది. ఎలైజా అనే పూలమ్మే పిల్ల పాత్రకు జూలీ ఆండ్రూస్‌ను తీసుకున్నారు. ఆమెకప్పుడు ఇరవై ఏళ్ళు. చిన్ననాటినుంచి గురువు దగ్గర శిక్షణ పొందిన, నాలుగు స్థాయిల్లో తిరుగాడే గొంతు. పాటలో వంక పెట్టడానికి లేదు. కాని ఎలైజా కనపడటం లేదు. చక్కగా పాడే ఒక మంచి అమ్మాయి మాత్రమే కనపడుతున్నది. దర్శకుడు మాస్ హార్ట్ మిగిలిన నటబృందానికి రెండు రోజులు సెలవిచ్చి, ఆమెను ఒక్కతెను నాటకశాలలో కూర్చోబెట్టి, నలభై ఎనిమిది గంటలపాటు ప్రతి మాటా ఎందుకు అంటున్నావు, ఎవరితో అంటున్నావు అని అడిగి, తిట్టి, బతిమాలి, పాత్రను బయటికి లాగాడు. ఈ సంగతిని ఆమె తన ఆత్మకథలో కృతజ్ఞతతో చెప్పుకున్నది.

అది చదివి నేను పియానో స్టూలు దగ్గరికి వెళ్ళి, ఆ నాలుగు మడతల కాగితం తీసి మళ్ళీ చదివాను. మాస్ హార్ట్ అన్నదీ, మా పరీక్షాధికారి రాసినదీ ఒకే మాట. జూలీ ఆండ్రూస్‌కు చెప్పిన మాటే మా పిల్లకూ చెప్పారన్నమాట. కాగితం అమ్మాయికి చూపించి ఆ కథ చెప్పాను. "అంటే నన్ను తిట్టలేదా నాన్నా?" అన్నది. ఆ సాయంత్రమే ఎలైజా పాట (కోవెంట్ గార్డెన్ సంతలో చలికి వణుకుతూ ఒక వెచ్చని గది కోసం కలగనే పాట) తీసి మేజా మీద పెట్టింది. వంటింటి గోడ మీది పట్టికను నేనే చింపేశాను.

మూడవ కథ లయొనెల్ బార్ట్‌ది. డికెన్స్ నవల ఆధారంగా ఆయన కట్టిన 'ఆలివర్!' 1960 జూన్ 30న లండన్‌లో మొదలై 2,618 ప్రదర్శనలు ఆడింది. ఈ బార్ట్‌కు స్వరలిపి చదవడం రాదు, రాయడం రాదు. తాను కూనిరాగం తీస్తే పక్కవారు కాగితం మీద పెట్టేవారు. అమెరికాలో ఇర్వింగ్ బెర్లిన్ సంగతీ అంతే. ఆయనకూ లిపి రాదు. పియానో మీద ఎక్కువగా నల్లమెట్ల మీదనే వాయించుకునేవాడు. చూసి పాడే పరీక్ష పెడితే ఒకటవ గ్రేడు దాటలేని మనుషుల పాటలను ఇవాళ పిల్లలు గ్రేడు పరీక్షలకు సాధన చేస్తున్నారు. బార్ట్ తన నాటకం హక్కులు తెగనమ్ముకుని 1972లో దివాలా తీశాడన్నది ఆ కథలో చేదు ముక్క. అనాథ పిల్లవాడు ప్రేమ ఎక్కడ దొరుకుతుందని అడిగే పాటను మా అమ్మాయి ఎంచుకున్నది.

ఇక టీచరు పద్ధతి చెప్పాలి, ఈ టపా పేరు అక్కడే పుట్టింది గనుక. పాట ఎంచుకున్న మొదటి వారం రాగం ముట్టుకోనివ్వదు. పాట మాటలన్నీ విడదీసి, పాదాల విరుపు లేకుండా, మామూలు వచనంలాగా రాయిస్తుంది. దాన్ని ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పిస్తుంది. ఎవరు, ఎవరితో, ఇప్పుడే ఎందుకు, ఏం కావాలని: ఈ నాలుగింటికీ జవాబు వచ్చిన తరువాతనే పియానో మూత తీస్తుంది. రెండవ వారం లయలో మాటలు. మూడవ వారం రాగం. ఊపిరి ఎక్కడ తీయాలన్నది రికార్డు చెప్పదు. ఆలోచన ఎక్కడ మారుతుందో అక్కడ ఊపిరి దానంతటదే వస్తుందంటుంది.

ఒక శనివారం పిల్ల హాల్లో నిలబడి ఎలైజా మాటలు వచనంగా చెబుతుండగా తెనాలి దగ్గర మా ఊరినుంచి అమ్మ ఫోను చేసింది. ఏమిటా గొడవ అని అడిగితే సంగతి చెప్పాను.

"ఒరే అబ్బాయ్, ఇది మీ తాతయ్య పద్ధతే గదరా," అన్నది అమ్మ. "అన్వయం చెప్పందే ఎవడిచేతైనా పద్యం పాడించాడా ఆయన?"

నేను ఫోను పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మా తాతయ్య నటుడు కాదు. ఊరి నాటక బృందానికి హార్మోనియం వాయించేవాడు, పద్యాలు నేర్పేవాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆయనకు కంఠోపాఠం. సాయంత్రం పొలంనుంచి వచ్చిన కుర్రాళ్ళు కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునేవారు. రాయబారం పద్యం అందుకోబోతే తాతయ్య హార్మోనియం మీద చెయ్యి పెట్టి ఆపేవాడు: "ముందు అన్వయం చెప్పి పాడు. ఎవరు, ఎవరిని, ఏమని అంటున్నాడు? ఆ పద్యం ఎవరికి తగలాలి?" కర్త, కర్మ, క్రియ కుదిర్చి వచనంగా చెప్పిన తరువాతనే శ్రుతి ఇచ్చేవాడు. ఆ అరుగు కింద గోలీలాడుకుంటూ ఈ మాటలు వందసార్లు విన్నాను. బర్మింగ్‌హామ్ వచ్చి, నా కూతురికి క్యాసెట్టు పద్ధతి నేర్పాను.

తాతయ్యకు నచ్చనిది ఒకటి ఉండేది: 'వన్స్ మోర్'. పద్యం చివర రాగం సాగదీస్తే జనం ఈలలు వేస్తారు, మళ్ళీ పాడమంటారు. దాని రుచి మరిగిన నటుడు ఇంకాస్త సాగదీస్తాడు. "వీడు రాగం తీస్తుంటే ఎదురుగా దుర్యోధనుడు ఆవలిస్తున్నాడు, చూడు," అని గొణిగేవాడు. అదీ ఒక మార్కుల పద్ధతే. లండన్‌లో పరీక్ష కాగితం మీద వేసే అంకె పాటను ఒకవైపుకు లాగింది. మన పందిట్లో ఈల మరొకవైపుకు లాగింది. దేనికోసం పాడుతున్నామో ఆ ఎదుటి మనిషి రెండుచోట్లా కనుమరుగయ్యాడు. ఆ ప్రమాదంలో పడని మహానటులు మనకూ ఉన్నారు. స్థానం నరసింహారావు గారు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా పాడిన ప్రసిద్ధమైన పాటను తానే రాసుకున్నారు. ఆ క్షణంలో ఆ సత్యభామ ఏమంటుందో ఆయనకు తెలుసు గనుక ఆ పాట పుట్టింది.

సంగీతం బడికి రంగస్థలం పరాయిది కానక్కరలేదు. తొలి ప్రధానాచార్యుడుగా సలివన్‌ను పెట్టుకున్నది లండన్ బడి. 1919లో విజయనగరం సంగీత కళాశాల వెలసినప్పుడు తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. కాలికి గజ్జె కట్టి, పాడి, ఆడి, పాత్రలన్నీ తానే అయి నడిపించే మనిషి. గుమ్మం లోపల వారికి పీట ఉన్నది. పరీక్షల జాబితాలో వారి విద్యకు చోటు దొరకడం మాత్రం ఆలస్యమైంది. లండన్ కాలేజ్, ట్రినిటీ ముందుగా మ్యూజికల్ థియేటర్‌కు ప్రత్యేకమైన గ్రేడులు పెట్టాయి. 1889లో పుట్టిన అసోసియేటెడ్ బోర్డు దాన్ని ఒక విడి విషయంగా చేర్చుకున్నది 2020ల ఆరంభంలోనే. సలివన్ స్నేహితుడు గ్రోవ్ కట్టిన ఇంట్లోకి సలివన్ పాట తన సొంత పేరుతో అడుగుపెట్టడానికి నూట ముప్పై ఏళ్ళు పట్టిందన్నమాట.

లోపలికి వచ్చిన తరువాత అది ఊరికే కూర్చోలేదు. పరీక్ష అడిగే ప్రశ్ననే మార్చింది. స్వరం సరిగా ఉన్నదా అన్నదానితో పాటు, ఎవరు పాడుతున్నారు అని అడిగించింది. మా అమ్మాయికి మూడు మార్కులు పోయింది ఆ కొత్త ప్రశ్న దగ్గరే. ఆ మూడు మార్కులకు నేనిప్పుడు రుణపడి ఉన్నాను.

వేసవి మొదట్లో అయిదవ గ్రేడు పరీక్ష జరిగింది. తల్లిదండ్రులు గది బయటే కూర్చోవాలి. పాత చర్చి హాలు. తలుపులు మందమైనవే కాని కింద సందు ఉన్నది. యమ్-యమ్ పాటకు లోపలెవరో చిన్నగా నవ్వారు. ఎలైజా పాటలో ఒకచోట పిల్ల మాట తడబడింది. నా గుండె జారింది. రికార్డింగులో అయితే అక్కడ విరామం లేదు. తను ఆగి, చేతులు రుద్దుకున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ అందుకున్నది. తరువాత అడిగితే, "మర్చిపోయాను నాన్నా, కాని ఎలైజాకు చలేసింది కదా, అందుకని ఆగింది," అన్నది. అనాథ పిల్లవాని పాట వచ్చేసరికి నేను తలుపు సందు దగ్గరినుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ పాట నాకోసం కాదు. వాడు వెతుకుతున్నవారితో వాడు మాట్లాడుకుంటున్నాడు.

ఫలితం మెరిట్. డిస్టింక్షన్‌కు రెండు తక్కువ. మాట తడబడ్డచోటనే పోయి ఉంటాయి. ఆ కాగితం ఈసారి మడత పడలేదు, స్టూలులోకీ పోలేదు. పట్టిక ఉన్నచోట గోడ మీద ఉన్నది. దాని పక్కన అమ్మ పంపిన ఒక పాత ఫొటో పెట్టాం: అరుగు మీద హార్మోనియం, దాని మీద చెయ్యి అడ్డం పెట్టి ఎవరినో ఆపుతున్న తాతయ్య.

ఆరవ గ్రేడు ఎప్పుడో మేమింకా అనుకోలేదు. ప్రస్తుతం మా అమ్మాయి వాళ్ళ నాయనమ్మ దగ్గర ఫోనులో ఒక రాయబారం పద్యం నేర్చుకుంటున్నది. ఇంకా రాగం దాకా రాలేదు. అన్వయం దగ్గరే ఉన్నారు.

మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో పద్యం నేర్పిన పెద్దలు ఎవరైనా ఉంటే, వారు ఎట్లా నేర్పేవారో వ్యాఖ్యల్లో రాయండి. చదవాలని ఉన్నది.